వెన్నుపాముకు కుడివైపు దెబ్బ తగిలితే ఎడమ కాలికి నొప్పి ఎందుకు తెలియదు?

నాడీ వ్యవస్థ గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. వెన్నుపాము కుడి సగం మాత్రమే ఛాతీ ఎత్తులో తెగితే కుడి కాలు కదలదు, ఆ కాలికి సన్నని స్పర్శ, కంపనం తెలియవు. ఇంతవరకు ఓకే. కానీ సూదితో గుచ్చినా, వేడి తగిలినా తెలియనిది మాత్రం ఎడమ కాలికట!

స్పర్శ దారి మెడుల్లా (వెన్నుపాముకు పైన ఉండే మెదడు అడుగు భాగం) దాకా అదే వైపున వెళ్లి అక్కడ అవతలికి దాటుతుందని, కదలిక ఆజ్ఞలు కూడా అక్కడే దాటి కిందికి దిగుతాయని చదివాను. నొప్పి, వేడి దారి మాత్రం వెన్నుపాములోకి వచ్చిన ఒకటి రెండు మెట్ల (వెన్నుపాము ఖండాల) లోపే దాటేస్తుందట.

నా డౌట్ ఇక్కడే. సరిగ్గా తెగిన ఎత్తుకు చెందిన చర్మంలో నొప్పి తెలియకుండా పోయేది ఏ వైపు? కుడివైపా, ఎడమవైపా, రెండువైపులానా? బొమ్మ గీసి చూశాను, మధ్యలో గీతలన్నీ కలిసిపోయి ఇంకా తికమకగా ఉంది. వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.