అప్‌డేట్: ఆదోని నల్లరేగడికి జోంగానా, జిప్సీనా?

ఆదోని దగ్గరి మా పత్తి చేలకు సైన్యం వేలంలో అమ్మిన పాత జీపుల్లో జోంగా మేలా, మారుతి జిప్సీ మేలా అని క్రితంసారి అడిగాను. సలహాలిచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. చివరకు జిప్సీ తీసుకున్నాను.

జబల్‌పూర్‌లో నిస్సాన్ నమూనాపై తయారైన జోంగాలోని 3,956 సీసీ ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను బలం నన్ను ఇప్పటికీ ఆకర్షిస్తుంది. కానీ వాన కురిసిన రేగడిలో బరువైన బండి తన బరువుతోనే దిగబడుతుందని, టన్నుకు అటూ ఇటూగా తూగే జిప్సీ మాత్రం లో రేంజి (వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే గేరు) వేసి, టైర్లలో గాలి కొంత తగ్గిస్తే పైపైనే సాగిపోతుందని రెండింటినీ మా పొలం బాటలో నడిపించి చూశాక తేలింది. విడిభాగాలూ దానికే సులువుగా దొరుకుతాయి.

కొనదలచినవారు ఇంజను కంటే ముందు వేలం కాగితాలను చూడాలి, వాటిలోని ఛాసిస్ నంబరు బండిమీది నంబరుతో సరిపోకుంటే రిజిస్ట్రేషన్ ముందుకు కదలదు.