ఐర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ఎన్నిక: మొదటి కౌంట్‌లో మూడో స్థానంలో ఉన్న మా అభ్యర్థి ఎలా ఓడిపోయింది?

కొత్త ఓటరు:

అందరికీ నమస్కారం. ఐర్లాండ్ వచ్చి మూడేళ్లయింది. డబ్లిన్ పక్క కౌంటీలో ఉంటాం, రోజూ ట్రైన్‌లో ఆఫీసుకి వెళ్లొస్తాను. ఊరు పేరు రాయడం లేదు, చిన్న ఊరు కాబట్టి ఎవరి గురించో వెంటనే తెలిసిపోతుంది.

2024 జూన్ 7న జరిగిన కౌన్సిల్ ఎన్నికల్లో నేనూ నా భార్యా ఇక్కడ మొదటిసారి ఓటేశాం. ఇక్కడి పౌరసత్వం లేకపోయినా లోకల్ ఎన్నికల్లో ఓటేయొచ్చని తెలిసినప్పుడు చాలా సంతోషం వేసింది. మా ఏరియాలో ఐదు సీట్లు, పదకొండు మంది అభ్యర్థులు. నేను ఒక ఇండిపెండెంట్ అభ్యర్థికి వేశాను. మా పిల్లల స్కూలు దారిలో ఫుట్‌పాత్ సగంలో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పిల్లలు రోడ్డు మీదే నడవాలి. ఆవిడ రెండేళ్ల నుంచీ దాని కోసం తిరుగుతోంది. వర్షంలో మా ఇంటికి కూడా వచ్చింది, చేతిలో ఆ రోడ్డు ఫోటోలు పట్టుకుని.

మొదటి కౌంట్‌లో ఆవిడ మూడో స్థానం. ఐదు సీట్లు కదా, గెలిచేసిందనే అనుకున్నాం. మర్నాడు రాత్రికి చూస్తే ఓడిపోయింది! మొదట్లో ఏడో స్థానంలో ఉన్నాయన ఇరవై ఓట్ల లోపు తేడాతో ఐదో సీటు తీసుకున్నాడు. రీకౌంట్ అడిగారు, ఫలితం మారలేదు.

ఇక్కడ అభ్యర్థుల పేర్ల పక్కన మన ఇష్టం ప్రకారం 1, 2, 3 అని అంకెలు వేయాలి. నేను ఆవిడకి 1 మాత్రమే వేసి వదిలేశాను. ఇంకొకరికి 2 ఇస్తే ఆవిడకి దెబ్బ అనుకున్నాను. నా భార్య ఒక చిన్న పార్టీ అభ్యర్థికి 1 వేసింది, తనూ అక్కడితో ఆపేసింది. ఆయన మధ్యలోనే ఎలిమినేట్ అయ్యాడు (ఓట్లు తక్కువని పోటీ నుంచి తీసేశారు). మేం తప్పు చేశామా? మూడో స్థానం వాళ్లు ఓడి ఏడో స్థానం వాళ్లు గెలవడం న్యాయమేనా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా బాధగా ఉంది.

టాలీ షీటు:

తమ్ముడూ, ముందు ఓటేసినందుకు ఇద్దరికీ అభినందనలు. ఇక్కడ లోకల్ ఎన్నికల్లో దాదాపు సగం మందే వస్తారు.

నేను పదిహేడేళ్లుగా ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను. 2019లోనూ 2024లోనూ ఒక అభ్యర్థి తరఫున కౌంట్ సెంటర్‌లో టాలీ (దగ్గరుండి ఓట్ల లెక్క రాసుకోవడం) చేశాను. కాబట్టి కళ్లతో చూసిందే చెబుతాను.

ఇది మన ఎమ్మెల్సీ ఎన్నిక లాంటిదని అనుకుంటే సగం అర్థమైపోతుంది. పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌లో మొదటి ప్రాధాన్యత, రెండో ప్రాధాన్యత అంటారు చూడు, అదే. తేడా ఏమిటంటే అక్కడ ఒక్క సీటు, ఇక్కడ ఒక్కో ఏరియాలో మూడు నుంచి ఏడు సీట్లు. అందుకే ఇక్కడ 'ఎన్నో స్థానం' అనే మాటకి పెద్దగా అర్థం లేదు. 'కోటా' అనే మాటకే అర్థం.

లెక్క సులువుగా ఉండటానికి చెల్లిన ఓట్లు 12,000 అనుకుందాం. సీట్లు ఐదు. సీట్లకి ఒకటి కలిపి ఆరుతో భాగిస్తే 2,000, దానికి ఒకటి కలిపితే 2,001. అదీ కోటా. ఐదుగురు తలా 2,001 తెచ్చుకుంటే 10,005 అయిపోతాయి, మిగిలేవి 1,995. ఆరోవాడు కోటా అందుకునే అవకాశమే లేదు. అందుకని ఆ అంకె.

ఇప్పుడు మీ అభ్యర్థికి మొదటి కౌంట్‌లో 1,400 వచ్చాయనుకో. మూడో స్థానమే, కానీ ఇంకా 601 కావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? ఓడిపోయిన అభ్యర్థుల కాగితాల మీద 2, 3, 4 అని ఆవిడ పేరు పక్కన ఉంటే వస్తాయి. కోటా దాటినవాళ్ల సర్‌ప్లస్ (కోటాకి మించిన ఓట్లు) నుంచి కొన్ని వస్తాయి. ఆ ఏడో స్థానం ఆయనకి 900తో మొదలైనా, ఎలిమినేట్ అయిన ప్రతివాళ్ల దగ్గర్నుంచీ కొంచెం కొంచెం వస్తూ ఉంటే, మీ అభ్యర్థికి ఏమీ రాకపోతే, ఎనిమిదో కౌంట్‌కి దాటేస్తాడు. చివరి సీటుకి కోటా కూడా అక్కర్లేదు, మిగిలినవాళ్లలో ఎక్కువ ఓట్లు ఉంటే చాలు.

న్యాయమా అని అడిగావు. నా మట్టుకు నాకు న్యాయమే. 900 మందికి ఆయన మొదటి ఇష్టం, ఇంకో వెయ్యి మందికి 'ఫర్వాలేదు, ఈయనైనా సరే'. ఆ వెయ్యి మందీ ఓటర్లే కదా.

ఇప్పుడు నీ ఓటు సంగతి. నీ కాగితం వల్ల ఆవిడకి ఏ నష్టమూ జరగలేదు. నువ్వు 2 ఇచ్చినా నష్టం జరిగేది కాదు. ఆవిడ పోటీలో ఉన్నంతసేపూ నీ ఓటు ఆవిడ కట్టలోనే ఉంటుంది, నీ 2 వైపు ఎవరూ చూడరు. ఆవిడ చివరి వరకూ ఉంది కాబట్టి నీ ఓటు చివరి వరకూ ఆవిడకే లెక్క. '2 ఇస్తే 1 బలహీనపడుతుంది' అన్న మాట మనవాళ్లలో చాలామంది అంటారు, అది పొరపాటు.

మీ ఆవిడ ఓటు సంగతి వేరు. (నీ భార్య అని రాయాలి, లేకపోతే ఇద్దరు ఆవిడలూ కలిసిపోతారు.) నీ భార్య వేసిన అభ్యర్థి ఎలిమినేట్ అయ్యాడు. అప్పుడు ఆయన కాగితాలన్నీ టేబుల్ మీద తిరగేసి, ప్రతి దాని మీదా 2 ఎవరికుందో చూసి ఆ కట్టలో వేస్తారు. 2 లేని కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. 'నాన్ ట్రాన్స్‌ఫరబుల్' అంటారు దాన్ని. ఆ తర్వాత ఆ ఓటు ఎవరిదీ కాదు.

నేను దాన్ని దగ్గర్నుంచి చూశాను. కౌంట్ సెంటర్‌లో టేబుళ్ల ముందు చిన్న అడ్డుకట్ట ఉంటుంది, మేం ఇవతల నిలబడి దాని మీదికి వంగి చూస్తాం. పొద్దున్నే పెట్టెలు తెరుస్తారు. సిబ్బంది మడతలు విప్పి, అంకెలు మాకు కనబడేలా ఒక్కో కాగితం వెల్లకిలా పెడతారు. మా చేతిలో పేర్ల షీటు, పెన్సిలు. 1 ఎవరికుంటే వాళ్ల పేరు పక్కన ఒక గీత, నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా. ఏ పెట్టె ఏ స్కూల్లో పెట్టిన బూత్‌దో తెలుస్తుంది కాబట్టి ఏ వీధుల్లో మన అభ్యర్థికి ఓట్లు పడ్డాయో మధ్యాహ్నానికి చెప్పేయొచ్చు. పార్టీలన్నీ ప్రచారంలో కొట్టుకుంటాయి గానీ, ఈ టాలీ దగ్గర మాత్రం పెట్టెలు పంచుకుని లెక్కలు కలుపుకుంటాయి. అది నాకు చాలా నచ్చింది.

2019లో ఒక పెట్టెలో వరసగా నాలుగైదు కాగితాలు, వణికే చేత్తో రాసిన అంకెలు, 1 నుంచి చివరి అభ్యర్థి దాకా ఒక్క పేరూ వదలకుండా. ఎవరో పెద్దవాళ్లై ఉంటారు. దాని పక్కనే మన ఇళ్లు ఎక్కువున్న ఎస్టేట్ (ఇళ్ల కాలనీ) పెట్టె. అందులో ఒక్క 1 తప్ప ఏమీ లేని కాగితాలు ఎన్నో. మనవాళ్లే వేశారని చెప్పలేను, అది రహస్యం. కానీ ఆ రోజు నుంచీ ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను: నచ్చినవాళ్లు అయిపోయేదాకా అంకెలు వేస్తూ పోండి, అస్సలు వద్దనుకున్నవాళ్ల దగ్గర ఆగండి.

ఇంకొకటి. మీ అభ్యర్థి మీ ఇంటికొచ్చినప్పుడు 'నాకు 1 ఇవ్వలేకపోతే 2 ఇవ్వండి' అని అడిగిందా? ఇక్కడ పాత కౌన్సిలర్లు ప్రతి గుమ్మం దగ్గరా తప్పకుండా అడిగే మాట అది. ఇండిపెండెంట్లకి అదే పార్టీ మరో అభ్యర్థి నుంచి మారి వచ్చే ఓట్లు (ట్రాన్స్‌ఫర్లు) ఉండవు, కాబట్టి వాళ్లు ఇంకా గట్టిగా అడగాలి.

రాత్రి డ్యూటీ:

అక్కా, బాగా చెప్పారు. కానీ నాదొక సందేహం. ఇంత పెద్ద టెక్ కంపెనీలున్న దేశంలో ఈ పెన్సిలూ కాగితాలూ ఏమిటి? మెషీన్ పెడితే గంటలో అయిపోతుంది. జూన్‌లో యూరోపియన్ ఎన్నిక లెక్కింపు వారం దాకా సాగింది, చూసీ చూసీ విసుగొచ్చింది.

టాలీ షీటు:

అదీ అయింది తమ్ముడూ. 2002 సాధారణ ఎన్నికల్లో డబ్లిన్ నార్త్, డబ్లిన్ వెస్ట్, మీత్ నియోజకవర్గాల్లో మెషీన్లతో పెట్టారు. డబ్లిన్ నార్త్‌లో నోరా ఓవెన్ అని, అంతకు ముందు న్యాయశాఖ మంత్రిగా చేసినావిడ, ఓడిపోయారు. మామూలుగా అయితే కౌంట్ కౌంట్‌కీ తగ్గుతూ వస్తుంటే మనసు సిద్ధపడుతుంది. ఆవిడకి ఆ వ్యవధే లేదు, స్టేజీ మీద అందరి ముందూ ఒక్కసారిగా చదివేశారు. జనానికి అది చాలా కటువుగా అనిపించింది. ఇప్పటికీ ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

అసలు కారణం అది కాదులే. 2004 లోకల్ ఎన్నికలకి దేశమంతా మెషీన్లు పెడదామనుకున్నారు. ఓటు సరిగ్గా నమోదైందని చూపించే కాగితం ఏదీ లేదు, నమ్మడం ఎలా అని ప్రశ్నలొచ్చాయి. స్వతంత్ర కమిషన్ సిఫారసు చేయలేమంది. 2009లో ఆ ఆలోచనే మానేశారు, 2012లో మెషీన్లని పాత ఇనుము కింద అమ్మేశారు. 5 కోట్ల యూరోలకి పైగా పెట్టినవాటికి వచ్చింది సుమారు 70 వేల యూరోలు.

నాకు మాత్రం కాగితమే ఇష్టం. ఇరవై ఓట్ల లోపు తేడాతో ఓడిపోయినావిడ 'మళ్లీ చూపించండి' అంటే, మళ్లీ ఒక్కో కాగితం తీసి చూపించారు. ఓడినా సరే ఇంటికెళ్లి నిద్రపోగలదు.

లిఫీ గట్టు:

ఆలస్యంగా చూశాను. ఒక సంగతి కలుపుతాను. బ్యాలట్ మీద పేర్లు ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి కదా, పైన ఉన్నవాళ్లకి అలవాటుగా 1, 2 లాంటి ముందు అంకెలు ఎక్కువగా పడతాయని ఇక్కడ ఎప్పటి నుంచో చర్చ ఉంది. కింద ఉన్న పేరు దాకా చదివి అంకె వేయడం కూడా మన చేతిలో పనే.

కొత్త ఓటరు గారూ, ఫుట్‌పాత్ విషయం ఆవిడ ఓడిందని ఆగిపోనక్కర్లేదు. గెలిచిన ఐదుగురూ మీ కౌన్సిలర్లే, ఆ ఏడో స్థానం ఆయనతో సహా. ఐదుగురికీ ఈమెయిల్ పెట్టండి. బడ్జెట్ పాస్ చేసేది కౌన్సిలర్లే. రోజువారీ పని చీఫ్ ఎగ్జిక్యూటివ్ కింద అధికారులు చేస్తారు. మీ ఎస్టేట్‌లో అందరూ ఒకటే ఫోటో పంపితే ఇంకా మంచిది. ఇంకో మాట, మధ్యలో కౌన్సిలర్ సీటు ఖాళీ అయినా ఇక్కడ ఉప ఎన్నిక ఉండదు, కో-ఆప్షన్ చేస్తారు (కౌన్సిలే ఒకరిని తీసుకుంటుంది), పార్టీవాళ్లైతే అదే పార్టీ నుంచి. కాబట్టి మీ అభ్యర్థికి మళ్లీ అవకాశం 2029లోనే.

అన్నట్టు, సౌత్ డబ్లిన్ కౌంటీకి 2024 జూన్‌లో కేరళ నుంచి వచ్చిన బేబీ పెరెప్పాడన్ మేయర్ అయ్యారు. ఓటే కాదు, నిలబడటం కూడా మనకి దూరం కాదు.

కొత్త ఓటరు:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక కౌన్సిల్ సైట్‌లోని ఫలితాల పట్టిక ప్రింట్ తీసి, ఇద్దరం డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కౌంట్ కౌంట్‌కీ చూశాం. అక్క చెప్పినట్టే ఉంది. మా ఆవిడకి (అభ్యర్థికే, భార్యకి కాదు) ప్రతి కౌంట్‌లోనూ చాలా తక్కువ ఓట్లు కలిశాయి. ఆయనకి మాత్రం ప్రతిసారీ వచ్చాయి.

నా భార్య వేసిన అభ్యర్థి ఐదో కౌంట్‌లో పోయాడు. ఆ వరసలో నాన్ ట్రాన్స్‌ఫరబుల్ అని ఉన్న గడిలో అంకె, మా అభ్యర్థి ఓడిన తేడాకి రెండింతల పైనే. తను దాని మీద వేలు పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'ఇందులో ఒకటి నాది. నా రెండో మనిషి ఆవిడే, రాయలేదు అంతే' అంది.

ఐదుగురికీ ఈమెయిల్ ఈ రోజు పొద్దున పంపాం. ఇద్దరు అప్పుడే జవాబిచ్చారు, వాళ్లలో ఆ ఏడో స్థానం ఆయన ఒకరు. వచ్చే వారం స్కూలు వదిలే టైముకి వచ్చి చూస్తానన్నాడు.

ఇంకొక్కటి అడుగుతాను. మేం త్వరలో ఇదే ఊళ్లో వేరే ఇంటికి మారుతున్నాం. ఓటర్ల జాబితాలో అడ్రస్ మార్చాలంటే ఎన్నికల ముందు దాకా ఆగాలా?

టాలీ షీటు:

ఆగొద్దు. ఇప్పుడు జాబితా ఏడాది పొడవునా మారుస్తూనే ఉంటారు. ఆన్‌లైన్‌లో పీపీఎస్ నంబర్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య), పుట్టిన తేదీ, కొత్త ఇంటి ఎయిర్‌కోడ్ (పోస్టల్ కోడ్) ఇస్తే చాలు. ఇద్దరూ విడివిడిగా చేయాలి, నువ్వు చేస్తే తనది మారదు. ఆ ఫుట్‌పాత్ చూడటానికి ఆయన వచ్చిన రోజు తనని కూడా వెళ్లమను.