హైదరాబాద్ రోడ్లపై వేగ పరిమితులు, లేజర్ గన్‌లు, చలాన్లు: మీ అనుభవాలు చెప్పండి

నాగోల్ వాసి

అందరికీ నమస్కారం. నాగోల్ నుంచి గచ్చిబౌలికి రోజూ కారులో ఉద్యోగానికి వెళ్లి వస్తుంటాను. ఏ రోడ్డు మీద ఎంత వేగం వరకు వెళ్లవచ్చో ఏళ్ల తరబడి బండి నడుపుతున్నవారికి కూడా స్పష్టంగా తెలియదని మా ఆఫీసులో మాటల మధ్య అర్థమైంది. పోలీసులు వేగం కొలిచే లేజర్ గన్ ఎక్కడ పెడుతున్నారో తెలిస్తే చాలు, మిగతాది చూసుకోవచ్చు అనేదే ఎక్కువమంది ధోరణి. నాకు కావలసింది ఆ జాబితా కాదు. చలాన్ రాకుండా, ఎవరికీ హాని జరగకుండా నడపాలంటే నగరంలో అసలు పరిమితులు ఏమిటి, అవి ఎక్కడ ఉన్నట్టుండి మారుతున్నాయి, పొరపాటున చలాన్ వస్తే ఏం చేయాలి అన్న విషయాలు అనుభవం ఉన్నవారు చెబితే నాలాంటివారు చాలామందికి ఉపయోగపడుతుంది.

నాంపల్లి వకీలు

ముందుగా పరిమితుల సంగతి. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో డివైడర్ ఉన్న రోడ్లపై కార్లకు గంటకు 60 కిలోమీటర్లు, డివైడర్ లేని రోడ్లపై 50. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, బస్సులకు, లారీలకు ఇదే వరుసలో 50, 40. కాలనీ రోడ్లలో ఎవరికైనా 30 మాత్రమే. ప్రత్యేకంగా బోర్డు పెట్టినచోట ఆ బోర్డు మీదున్న అంకెనే పాటించాలి. ఉదాహరణకు దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద 35 అని నిర్ణయించారు.

ఇందులో కారు నడిపేవారు పట్టించుకోని అంశం ఒకటుంది. డివైడర్ అయిపోయిన క్షణం నుంచి మీ పరిమితి 10 కిలోమీటర్లు తగ్గిపోతుంది. రోడ్డు వెడల్పు మారకపోవచ్చు, బోర్డు కూడా కనిపించకపోవచ్చు, అయినా ఎదురుగా వచ్చే బండికీ మీకూ మధ్య అడ్డు లేకుండా పోయిందన్నది వాస్తవం.

విశ్రాంత బస్సు డ్రైవర్

ఉద్యోగ జీవితమంతా నగర రోడ్ల మీద బస్సు నడిపినవాడిని, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

గన్ దగ్గర మాత్రమే వేగం తగ్గించడం అనే అలవాటు చలాన్ కంటే ప్రమాదకరమైనది. ఫ్లైఓవర్ దిగే చోట, చెట్టు నీడలోనో పిల్లర్ పక్కనో మూడు కాళ్ల స్టాండు, పక్కన తెల్ల చొక్కా కనిపించగానే ముందున్న కారు ఒక్కసారిగా బ్రేక్ వేస్తుంది, దాని వెనకది ఇంకా గట్టిగా వేస్తుంది, అలా ఎర్రలైట్లు వరుసగా వెలుగుతూ వెనక్కి వస్తుంటే చివర నిండు బస్సుతో ఉన్నవాడు ఏం చేయాలి? గట్టిగా తొక్కితే నిలబడి ఉన్న ప్రయాణికులు పడిపోతారు, తొక్కకపోతే ముందున్న బైకు మీదికి వెళ్తాము. పైగా లేజర్ గన్ మీరు దాన్ని చూసేలోపే, చాలా దూరం నుంచే, వేగం కొలిచి ఫొటో తీసేస్తుంది. మీరు బ్రేక్ వేసేసరికి అక్కడ పని పూర్తయిపోయి ఉంటుంది, కాబట్టి ఆ బ్రేకు వల్ల మీకు మిగిలేదేమీ లేదు, వెనకవాడికి మాత్రం ముప్పు.

60 కీ 80 కీ తేడా ఎంత అని పిల్లలు అడుగుతుంటారు. లెక్క వేసి చూపిస్తాను. గంటకు 60 అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం వచ్చిన మనిషిని కన్ను చూసి, కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకుంటే ఆ 17 మీటర్లు బండి అదే వేగంతో పోతుంది, ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 37. అదే 80 మీద ఉంటే ఆలోచన వచ్చేలోపే 22 మీటర్లు, ఆగడానికి 36, మొత్తం 58 మీటర్లు. వేగం మూడో వంతే పెరిగింది, బ్రేక్ వేశాక పట్టే దూరం దాదాపు రెట్టింపైంది. 60 మీద వచ్చినవాడు పూర్తిగా ఆగిపోయిన చోట 80 మీద వచ్చినవాడి బండికి ఇంకా గంటకు 60 పైచిలుకు వేగం మిగిలి ఉంటుంది, అది మనిషి ప్రాణం తీయడానికి చాలినంత. వాన పడితే ఈ దూరాలన్నీ ఇంకా పెరుగుతాయి.

ఇంత చేసి మిగిలే సమయమెంత? అడ్డే లేని 10 కిలోమీటర్ల రోడ్డు దొరికిందనుకున్నా 60 మీద 10 నిమిషాలు, 80 మీద ఏడున్నర. మన నగరంలో ఆ రెండున్నర నిమిషాలూ తర్వాతి సిగ్నల్ దగ్గర కరిగిపోతాయి.

టోలిచౌకి రైడర్

పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజమని బైకు మీద తిరిగే నేను చెప్పగలను. డెలివరీ పని చేస్తాను. ఫోన్‌లో సమయం కనిపిస్తూ ఉంటుంది, కస్టమర్ ఎక్కడున్నావని అడుగుతూ ఉంటారు, దానితో చాలామంది కుర్రాళ్లు యూటర్న్ కోసం అరకిలోమీటరు ముందుకు పోవడం ఎందుకని రాంగ్ రూట్‌లో దూరిపోతారు. అలా ఎదురు వచ్చిన బండికి తగిలి కాలు విరిగిన మా తోటి కుర్రాడు నెలల తరబడి పనిలేక ఇంట్లో కూర్చున్నాడు.

బైకు నడిపేవారికి నేను ప్రత్యేకంగా చెప్పదలచింది ఫ్లైఓవర్ల మీద ఇనుప జాయింట్ల గురించి. వాన మొదలైన తొలి పది పదిహేను నిమిషాల్లో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిగటగా మారతాయి, ఆ సమయంలో జాయింట్ మీద బండి వంచి ఉన్నా, ముందు బ్రేక్ పట్టుకున్నా చక్రం పక్కకు జారిపోతుంది. జాయింట్ రాకముందే వేగం తగ్గించుకుని, హ్యాండిల్ నిటారుగా ఉంచి, బ్రేక్ వదిలేసి దాటాలి. హెల్మెట్ పట్టీ పెట్టుకోకుండా తల మీద ఊరికే ఉంచుకునేవారు కెమెరాను మోసం చేయగలరేమో, కిందపడితే తలకంటే ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది.

ఓఆర్ఆర్ ప్రయాణికుడు

నగరం లోపలి సంగతి చెప్పారు కాబట్టి నేను ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) గురించి చెబుతాను. 158 కిలోమీటర్ల ఈ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. అయితే ఆ 120 డివైడర్ వైపున్న కుడి లేన్లకే అని చాలామంది గుర్తుంచుకోరు. ఎడమ లేన్లు నెమ్మదిగా వెళ్లేవాటికి. 40కి తగ్గి నడపడం కూడా అక్కడ తప్పే. ద్విచక్ర వాహనాలకు అసలు ప్రవేశం లేదు.

అక్కడ నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దినవి. తెల్లవారుజామున, వెనక లైట్లు లేని లారీ పక్కన ఆపి ఉంటుంది, నిద్రమత్తులో 120 మీద వచ్చేవాడికి అది కదులుతోందో ఆగి ఉందో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. 2008లో మొదట తెరిచిన గచ్చిబౌలి-శంషాబాద్ భాగం 22 కిలోమీటర్లు. దాన్ని 100 మీద దాటడానికి 13 నిమిషాలు, 120 మీద 11 నిమిషాలు పడుతుంది. విమానం అందుకోవలసినవారు ఆ రెండు నిమిషాలు ఇంట్లోనే సంపాదించుకోవడం మేలు.

ఇంకొక ఉపయోగకరమైన విషయం. 2019 జూలై నుంచి తయారైన కార్లన్నింటిలో 80 దాటగానే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా బీప్ శబ్దం వస్తుంది. చాలా కార్లలో మనకు కావలసిన అంకె దగ్గర హెచ్చరిక పెట్టుకునే వీలు కూడా ఉంది. నగరంలో దాన్ని 60 దగ్గర పెట్టుకుంటే చూపు రోడ్డు మీద నుంచి మీటరు వైపు మళ్లించే అవసరం తగ్గుతుంది.

కూకట్‌పల్లి టీచర్

పొరపాటు చలాన్ గురించి అడిగారు కదా, మా ఇంట్లో జరిగినది చెబుతాను. నా స్కూటర్ స్కూల్ పార్కింగ్‌లో ఉన్న సమయంలో నగరానికి అటువైపు చివర అతివేగంగా వెళ్లినట్టు చలాన్ వచ్చింది. అందులోని ఫొటోను పెద్దది చేసి చూస్తే అది నల్ల బైకు, నాది తెల్ల స్కూటర్. నంబర్ ప్లేటు మీద మట్టి పడి 3 అంకె 8 లాగా కనిపిస్తోంది. డబ్బు కట్టేసి వదిలించుకోమని ఇంట్లో అందరూ అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఈ-చలాన్ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేసే చోటు ఉంది. చలాన్ నంబరు, నా స్కూటర్ ఫొటోలు, ఆర్సీ వివరాలు, ఆ రోజు నేను స్కూల్లో ఉన్నట్టు హాజరు వివరం జతచేశాను. వెంటనే తేలలేదు, మళ్లీ మళ్లీ గుర్తు చేయవలసి వచ్చింది, చివరికి రద్దు చేశారు. కాబట్టి అక్కచెల్లెళ్లందరికీ నా సలహా ఏమిటంటే చలాన్ వచ్చిన వెంటనే మొత్తాన్ని కాదు, ముందు ఫొటోను చూడండి.

నాంపల్లి వకీలు

టీచరుగారు సరైన పని చేశారు. దీనికి చట్టంలో ఆధారం కూడా ఉంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ ప్రకారం, కెమెరా ద్వారా నమోదైన ఉల్లంఘనకు నోటీసు 15 రోజుల్లోగా పంపాలి, చలాన్ పరిష్కారమయ్యేవరకు ఆ ఎలక్ట్రానిక్ ఆధారాన్ని భద్రపరచాలి. పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. కెమెరా ఉన్నట్టు తెలిపే హెచ్చరిక బోర్డులు కూడా పెట్టాలి. కాబట్టి ఫొటోలో స్థలం, తేదీ, సమయం, నమోదైన వేగం, అక్కడి పరిమితి ఉన్నాయో లేదో చూసుకుని, లేకపోతే అడిగే హక్కు మీకుంది.

ఇక్కడ సాధారణంగా వచ్చే అతివేగం చలాన్ 1000 రూపాయలు, యూజర్ ఛార్జీ 35. 2019లో సవరించిన కేంద్ర చట్టంలోని 183వ సెక్షన్ తేలికపాటి వాహనాలకు 1000 నుంచి 2000 వరకు, మధ్యస్థ, భారీ వాహనాలకు 2000 నుంచి 4000 వరకు జరిమానా చెబుతోంది. రెండోసారి దొరికితే లైసెన్స్ స్వాధీనం చేసుకునే వీలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

మియాపూర్ మిత్రుడు

ఒక సందేహం. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో మళ్లీ 80 శాతం రాయితీ ఇచ్చారు. కార్లకు మొదటిసారి 50, రెండోసారి 60. అలాంటప్పుడు చలాన్లు కట్టకుండా ఆగడమే లాభం కదా?

నాంపల్లి వకీలు

మళ్లీ ఇస్తారన్న హామీ ఎవరూ ఇవ్వలేదు, ఈలోగా తనిఖీలో బండి ఆపితే పాత బకాయిలన్నీ ఒకేసారి ముందుకు వస్తాయి. నా అభిప్రాయంలో ఆ రాయితీలు బకాయిలు వసూలు కావడానికి పనికొచ్చాయి గాని, వేగం తగ్గించడానికి కాదు. సకాలంలో పూర్తిగా కట్టినవాడికి అన్యాయం జరిగిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరొక హెచ్చరిక. చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవవద్దు. బ్యాంకు ఖాతా ఖాళీ అయితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

విశ్రాంత బస్సు డ్రైవర్

నంబర్ ప్లేటు వంచేవారు, చివరి అంకె మీద మాస్కు తగిలించేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లు తప్పించుకునేది జరిమానాను మాత్రమే కాదు, రేపు ఎవరినైనా గుద్ది పారిపోతే బాధితుడి కుటుంబానికి దొరికే ఒకే ఒక్క ఆధారాన్ని కూడా చెరిపేస్తున్నారు. నాకు కోపం తెప్పించే సంగతి ఇదొక్కటే.

మలుపు ఉన్న ఫ్లైఓవర్ల మీద అంకెను తేలిగ్గా తీసుకోకండి. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ తెరిచిన నెలలోనే, 2019 నవంబరులో, అతివేగంగా వచ్చిన కారు మలుపులో అదుపు తప్పి కింది రోడ్డు మీద పడి, అక్కడ నిలబడి ఉన్న మహిళ మరణించారు. అక్కడి పరిమితి 40. ఖాళీ రోడ్డు మీద 40 ఏమిటని అనిపించవచ్చు, కాని ఆ అంకె మలుపు వంపును బట్టి పెట్టినది, రద్దీని బట్టి కాదు.

నాగోల్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. డివైడర్ అయిపోయే చోట్లు నా దారిలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకున్నాను. ఒకచోట 50 బోర్డు చెట్టుకొమ్మల వెనక పూర్తిగా దాగిపోయింది, రాత్రిపూట అసలు కనిపించదు. ఫొటో తీసి, పక్కనున్న మెట్రో పిల్లర్ నంబరు రాసి, కొమ్మలు కొట్టించమని మున్సిపల్ వార్డు కార్యాలయంలోనూ, బోర్డు సంగతి ట్రాఫిక్ పోలీసులకూ వినతిపత్రాలు ఇచ్చాను. మీ దారుల్లో ఇలా దాగిపోయిన బోర్డులు, రంగు వెలిసిన స్పీడ్‌బ్రేకర్లు ఉంటే దయచేసి పిల్లర్ నంబరు లేదా దగ్గరి బస్టాపు పేరుతో సహా ఇక్కడ రాయండి. అన్నిటినీ ఒక్క కాగితం మీద చేర్చి మళ్లీ ఇస్తాను.

టోలిచౌకి రైడర్

మెహదీపట్నం వైపు రెండు చోట్లు నాకు తెలుసు అన్నా. రాత్రి డ్యూటీ దిగాక ఫొటోలు పెడతాను.