ఎచింగ్‌ని తెలుగులో ఏమనాలి? చెక్కిన బొమ్మ అంటే తప్పేనా?

మా తమ్ముడు లండన్‌లో పాత సామాన్ల సంతలో ఒక బొమ్మ కొని పంపాడు, పందొమ్మిదో శతాబ్దపు ఎచింగ్, అరచేతిలో పట్టేస్తుంది. గుర్రం మీద ఒకాయన పోతుంటాడు, పక్కనే కుక్క, వెనకాల ఓ చెట్టు, అంతే. కుక్క నా బొటనవేలి గోరంత కూడా ఉండదు, భూతద్దం పెట్టి చూస్తే ఒళ్లంతా కలిపి ఓ ఇరవై గీతలు, అయినా అది రొప్పుతూ పరిగెడుతోందని తెలిసిపోతోంది. ఇంటికొచ్చినవాళ్లకి "రాగిరేకు మీద చెక్కి అచ్చేసింది" అని చెప్తున్నా గానీ చెప్పిన ప్రతిసారీ ఏదో అబద్ధం ఆడినట్టుంటుంది. ఇందులో అసలు చెక్కడమే లేదు మరి! రేకు మీద మైనం కలిసిన పూత వేసి, సూదితో ఆ పూత మీదే గీసి, నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే పూత లేచిన చోటల్లా రాగిని యాసిడ్ తినేస్తుంది. ఆ గుంటల్లో ఇంకు నింపి పైన తుడిచేసి తడి కాగితం మీద నొక్కుతారు.

> నగిషీ అనొచ్చు కదా అన్నా?

నగిషీ అంటే చేత్తో చెక్కే పని కదా తమ్ముడూ. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటాం చూడు, అదీ ఆ వరసలోదే, దెబ్బ లోహంలోకి దిగాలి. ఇక్కడ సూది పెన్సిల్‌లా జారిపోతుంది, బరువు పనంతా యాసిడ్‌ది. ఈ కుక్క తోక అంత విసురుగా వచ్చిందంటే అందుకే.

> జవాబు మీరే రాసేశారు కదండీ, "తినేస్తుంది" అని. ఎచ్ అన్నది డచ్ వాళ్ల ఎట్సెన్, వాళ్లకి జర్మన్ నుంచి వచ్చింది. జర్మన్‌లో ఎస్సెన్ అంటే తినడం, ఈ ఎట్సెన్ దానికి ప్రేరణార్థకం, అంటే మన లెక్కలో "తినిపించు". బ్యాటరీ యాసిడ్ ప్యాంటు తినేసిందనీ, తుప్పు గేటుని తినేసిందనీ మనం రోజూ అనేదే.

> మా హైదరాబాద్ ఉర్దూలో యాసిడ్‌ని తేజాబ్ అంటారు, తేజ్ ప్లస్ ఆబ్, ఘాటు నీళ్లు. ఫ్రెంచ్‌లో ఎచింగ్ పేరు ఓఫోర్త్, అదీ ఘాటు నీళ్లే! 1862లో ఆల్ఫ్రెడ్ కాదార్ పారిస్‌లో పెట్టిన ఎచింగ్ కళాకారుల సంఘం పేరులోనూ ఆ నీళ్లే ఉన్నాయి, ఆక్వాఫోర్తిస్తులు అని.

మేడమ్, తినిపించు అన్నది నాకు బాగా పట్టింది, ఎందుకంటే పనివాడి చేతిలో ఉన్నది కూడా అదే, ఎక్కడ ఎంతసేపు తిననివ్వాలి అని. లేతగా ఉండాల్సిన గీతలు కాసేపు తిన్నాక రేకు బయటికి తీసి వాటి మీద వార్నిష్ పూసేస్తారు, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. నా బొమ్మలో చెట్టు వెంట్రుకంత సన్నం, గుర్రం పొట్ట కింద నీడ మాత్రం బొగ్గులా ఉంది. ఇంకోటి, అచ్చులో బొమ్మ కుడిఎడమలు మారిపోతాయి కదా, మనవాడి కత్తి ఎడమ మొలకి ఉండాల్సింది కుడివైపు వేలాడుతోంది!

కానీ "యాసిడ్ తినిపించిన బొమ్మ" అంటే మా ఆవిడ నవ్వుతోంది. "తినుడు బొమ్మ" అంటే ఇంకా ఘోరం, స్వీటు షాపు గుర్తొస్తుంది. ప్రస్తుతానికి ఎచింగ్ అనే అంటున్నా, ఎవరైనా అడిగితే "యాసిడ్ తినేసిన గీతలండీ" అని విప్పి చెప్తున్నా.

> ఫ్రేముకిస్తే రేకు అంచు నొక్కుకున్న గుర్తు కనపడేలా వదలమనండి అన్నా, దాన్ని కోసేస్తారు వీళ్లు.

రేపే ఇస్తున్నా, మంచిపని చేశావు చెప్పి.