క్షమించినవాళ్ళం మళ్ళీ హామీ సంతకం పెట్టాల్సిందేనా? యోసేపు కథ మీద ఒక సందేహం

గుంటూరు చెల్లెలు:

అందరికీ వందనాలు. మాది గుంటూరు. మా ఆయన మిర్చియార్డులో ఒక కొట్టులో గుమస్తా. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, జాకెట్లు, స్కూలు యూనిఫాంలు.

మా సొంత అన్నయ్య చీటీ పాడుకున్నప్పుడు మా ఆయన హామీ ఉన్నారు. అన్నయ్య కొన్నాళ్ళు కట్టి మానేశాడు, ఫోన్ ఎత్తలేదు, ఊరు కూడా మారిపోయాడు. చీటీవాళ్ళు నేరుగా కొట్టు దగ్గరికే వచ్చి, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతున్న హమాలీల ముందు, ఓనరుగారి ముందు మా ఆయన్ని నిలబెట్టి అడిగారు. సీజన్ మంచి జోరు మీదుంది, యార్డంతా జనం. ఆయన తల దించుకుని నిలబడ్డారట. మా అమ్మ నాకు పెట్టిన నానుతాడు, గాజులు అమ్మి, మిగతాది వడ్డీకి తెచ్చి కట్టాం.

ఇప్పుడు అన్నయ్య తిరిగొచ్చాడు. విజయవాడలో అద్దె ఆటో తోలుతున్నాడు. తాగుడు మానేశాడు, సంఘానికి వస్తున్నాడు. సొంత ఆటోకి ఫైనాన్సు తీసుకుంటాడట, హామీ ఉండమని ఇంటికొచ్చి అడిగాడు. నేనేమీ అనలేదు. ఈ సంగతి శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన అంశంగా చెప్పాను. పెద్దవాళ్ళంతా ఒకటే మాట. "గుంటలో తోసి అమ్మేసిన అన్నల్నే యోసేపు క్షమించి, బతకడానికి గోషెను దేశం ఇప్పించాడు, నువ్వు సంతకం పెట్టలేవా?" అన్నారు.

కోపం పోయిందని చెప్పను. ప్రార్థన చేసుకుంటున్నాను, కొంత తగ్గింది. కానీ సంతకం అనేసరికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. వచ్చే ఆదివారం బల్ల, అంటే ప్రభు భోజనం. సహోదరుడితో సమాధానపడకుండా బల్ల దగ్గరికి పోకూడదని చిన్నప్పటి నుంచి విన్నాను. సంతకం పెట్టకపోతే నేను క్షమించనట్టేనా? ఓదార్పు మాటలు వద్దు, వాక్యంలో ఏముందో చెప్పండి.

తెనాలి సిస్టర్:

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. పేతురు ఏడు మారులా అని అడిగితే ప్రభువు డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు క్షమించమన్నాడు. పదివేల తలాంతుల అప్పు కొట్టేయించుకున్నవాడు బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు, మనం అలా ఉండకూడదు. మీ అన్నయ్య మారాడంటున్నారు కదా. పెట్టేయండి, దేవుడు చూసుకుంటాడు.

పటమట సండేస్కూల్ టీచరు:

అమ్మా, వందనాలు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, సండేస్కూల్లో ఇంకా చెబుతూనే ఉన్నాను. యోసేపు కథ మేం పిల్లలకి చెప్పే తీరులో ఒక లోటుంది. విచిత్రమైన నిలువుటంగీ, గుంట, పోతీఫరు ఇల్లు, చెరసాల, ఫరో కలలు. అక్కణ్ణించి ఒక్క ఉదుటున అన్నల్ని కౌగిలించుకుని ఏడ్వడం. ఆదికాండము 42, 43, 44 అధ్యాయాలు మధ్యలో జారిపోతాయి. మీ కూడికలో చెప్పింది కూడా ఆ పిల్లల కథే. మీకు కావాల్సిన జవాబు ఆ మూడు అధ్యాయాల్లో ఉంది.

కరువులో ధాన్యం కోసం ఐగుప్తుకి (ఈజిప్టుకి) వచ్చి, అప్పటికి అక్కడ అధికారి అయిన తన ముందు సాగిలపడిన అన్నల్ని యోసేపు గుర్తుపట్టాడు. వాళ్ళు పట్టలేదు. ఆ పూటే "నేను యోసేపును" అనలేదు. కఠినంగా మాట్లాడాడు, వేగులవాళ్ళన్నాడు, మూడు రోజులు కావలిలో ఉంచాడు. మధ్యలో ద్విభాషి ఉన్నాడు కాబట్టి తమ మాట ఇతనికి తెలియదనుకుని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు: తమ్ముడు బతిమాలుకుంటుంటే వాడి వేదన చూసి కూడా మనం వినలేదు, అందుకే మనకీ ఆపద వచ్చింది అని. యోసేపు పక్కకి వెళ్ళి ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని తిరిగొచ్చి వాళ్ళలో ఒకడైన షిమ్యోనును వాళ్ళ కళ్ళ ముందే బంధించాడు. ఏడ్చింది, బంధించింది ఒకే మనిషమ్మా. అన్నల మీద ప్రేమ ఉంది. వాళ్ళని నమ్మవచ్చో లేదో ఇంకా తెలియదు.

అక్కడే ఇంకో సంగతి ఉంది, 42:25 చదవండి. అదే రోజు వాళ్ళ గోనెల నిండా ధాన్యం పోయించాడు, దారికి భోజనం ఇప్పించాడు, వాళ్ళిచ్చిన రూకలు ఎవరి గోనెలో వాళ్ళవి తిరిగి పెట్టించాడు. నమ్మకం కుదరకముందే అన్నం పెట్టాడన్నమాట. కనానులో వాళ్ళ పిల్లలు ఆకలితో ఉండకూడదు. నాకు తోచినంతవరకు మీరు ఇప్పుడు ఈ వచనం దగ్గర ఉన్నారు. మీ పెద్దవాళ్ళు మిమ్మల్ని చెయ్యి పట్టుకుని, యోసేపు అన్నల్ని కౌగిలించుకునే 45వ అధ్యాయానికి లాగుతున్నారు. ఇంకా అక్కడికి చేరనందుకు మీరు పాపం చేసినట్టు కాదు.

రెండోసారి అందరికంటే చిన్న తమ్ముడు బెన్యామీనును తీసుకొచ్చారు. యోసేపు భోజనానికి వాళ్ళని వయసు ప్రకారం కూర్చోబెట్టి, చిన్నవాడికి మిగతావాళ్ళ కంటే అయిదంతలు పెట్టించాడు. ఒకప్పుడు తండ్రి ఒక్క కొడుక్కే అంగీ కుట్టించాడని కడుపుమండి తమ్ముణ్ణి అమ్ముకున్నవాళ్ళు, ఇప్పుడీ అయిదంతలు చూసి ఏం చేస్తారో! ఆ తర్వాత వెండి గిన్నె. అది బెన్యామీను గోనెలో దొరికేలా చేసి, దొరికినవాడొక్కడే నాకు దాసుడు, మిగతావాళ్ళు సమాధానంగా మీ తండ్రి దగ్గరికి పొండి అన్నాడు. పాత తప్పు మళ్ళీ చెయ్యడానికి తలుపు బార్లా తెరిచి చూపించాడు. బెన్యామీనును ఐగుప్తులో వదిలేసి ధాన్యంతో ఇంటికి పోవచ్చు, అడిగేవాడు లేడు. అప్పుడు యూదా ముందుకొచ్చాడు. తమ్ముణ్ణి అమ్ముదామని ఆనాడు సలహా ఇచ్చింది ఈ యూదాయే. వాడే ఇప్పుడు, ఈ చిన్నవాడికి మా తండ్రి దగ్గర నేను హామీ ఉన్నాను, వాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అన్నాడు. యోసేపు ఇక తట్టుకోలేకపోయింది ఆ మాటకి.

చూశారా, హామీ అన్నది ఈ కథలోనే ఉంది. హామీ ఉన్నది ఎవరు? ఆనాడు తప్పు చేసినవాడు. యోసేపు ఎవరికీ హామీ ఉండలేదు. యోసేపు కథ చెప్పి, నష్టపోయిన మిమ్మల్నే హామీ ఉండమనడం ఆ కథకే విరుద్ధం.

ఇక మీ అన్నయ్య సంగతి. తాగుడు మానడం చిన్న విషయం కాదు, దేవునికి స్తోత్రం. కానీ మీ నానుతాడు గురించి, కొట్టు ముందు మీ ఆయన పడిన అవమానం గురించి నోరు విప్పాడా? మీరు రాసినదాంట్లో ఆ మాట వెతికాను, కనపడలేదు. సుంకం వసూలు చేసే జక్కయ్య ఎవరూ అడక్కుండానే నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మీ అన్నయ్య నాలుగంతలు ఇవ్వనక్కర్లేదు. ఆటో తోలిన డబ్బులో నెలకి వెయ్యి రూపాయలు మీ ఆయన చేతిలో పెట్టడం మొదలుపెట్టినా, మారిన మనిషి అని మీకే తెలుస్తుంది.

తెనాలి సిస్టరుగారు చెప్పిన డెబ్బది ఏళ్ల మారులు సత్యం. ఆ మాట ఉన్న మత్తయి 18లోనే, దానికి ముందు 15వ వచనంలో, సహోదరుడు తప్పు చేస్తే నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు అతని తప్పు చెప్పమని ఉంది. ఫైనాన్సు మాట పక్కన పెట్టి అన్నయ్యతో ఆ మాట మాట్లాడండి. పగ పెట్టుకోనని చెప్పండి. ఆదివారం బల్ల తీసుకోండి. మత్తయి 5లో ప్రభువు సమాధానపడి రమ్మన్నాడు, కాగితం మీద సంతకం చేసి రమ్మనలేదు. అన్నయ్య పిల్లలకి ఏదైనా లోటుంటే మీ చేతనైనంత చెయ్యండి, డబ్బు మాత్రం చేతికివ్వకండి.

గవర్నర్‌పేట బ్యాంకు ఉద్యోగి:

అక్కా, నేను అప్పుల సెక్షన్‌లో పనిచేస్తాను. చాలామంది హామీ అంటే "మనిషి మంచివాడే" అని సాక్ష్యం చెప్పడం అనుకుంటారు. కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు అతన్ని అడిగి, కోర్టుకి లాగి, ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలని రూలేమీ లేదు. కిస్తీలు తప్పితే బావగారి సిబిల్ కూడా దెబ్బతింటుంది, రేపు మీ పిల్లల చదువుకి లోన్ కావాల్సి వస్తే అక్కడ ఇబ్బంది. సామెతలు 22:26, 27 చూడండి: అప్పులకి పూటపడొద్దు (హామీ ఉండొద్దు), చెల్లించలేకపోతే నీ కింద పరుపు కూడా తీసుకుపోతారు అని ఉంది. ఆటో ఎలాగూ ఫైనాన్సువాళ్ళకి తాకట్టులోనే ఉంటుంది. మీ అన్నయ్య ఇంకొన్నాళ్ళు అద్దె ఆటో తోలి ముందు కట్టే సొమ్ము పెంచుకుంటే, బయటి హామీ లేకుండా ఇచ్చేవాళ్ళు దొరకొచ్చు. ఇంకో మాట, పాత చీటీకి మీరు కట్టిన రసీదులన్నీ జాగ్రత్తగా దాచండి. హామీదారుడు కట్టిన డబ్బు అసలు బాకీదారుడి దగ్గర రాబట్టుకునే హక్కు చట్టంలో ఉంది.

మంగళగిరి బ్రదర్:

టీచరుగారూ, మీరు చెప్పింది బాగుంది గానీ నా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. ఫిలేమోను దగ్గర్నుంచి వెళ్ళిపోయిన దాసుడు ఒనేసిము కోసం పౌలు ఆ ఫిలేమోనుకి ఏం రాశాడు? అతను నీకు నష్టం చేసినా, బాకీ ఉన్నా నా లెక్కలో వేయి, నేనే తీరుస్తాను, నా చేతితోనే రాస్తున్నాను అన్నాడు. అది హామీ కాదా? హెబ్రీ 7:22 ప్రభువునే పూటకాపు, అంటే హామీదారుడు అంటుంది. జైలు నుంచి వచ్చినవాళ్ళ మధ్య, తాగుడు మానినవాళ్ళ మధ్య నేను పరిచర్య చేస్తున్నాను. ఒక్కరు కూడా నమ్మకపోతే వాళ్ళు ఎలా నిలబడతారు? నష్టపోవడానికి సిద్ధపడకుండా ప్రేమ ఎక్కడుంది?

పటమట సండేస్కూల్ టీచరు:

బ్రదర్, మీ పరిచర్య దేవుడు దీవించు గాక. మీరన్నది కొట్టిపారేయలేను. మీ మాట చదివి ఫిలేమోను పత్రిక మళ్ళీ తీశాను. అందులో నష్టపోయినవాడు ఫిలేమోను. పౌలు అతన్ని, ఒనేసిముకి నువ్వే ఇంకో హామీ ఉండు అనలేదు. ఆ భారం తన నెత్తిన వేసుకున్నాడు, ఎవరో బలవంతం చేస్తే కాదు, తనంతట తనే. ఒనేసిముని కూడా ఎక్కడో దాచలేదు, ఫిలేమోను ముందుకే తిరిగి పంపాడు.

అంటే ఈ అమ్మాయి అన్నయ్య మారాడని సంఘం నిజంగా నమ్మితే, ఇప్పుడు పౌలులా నిలబడాల్సింది సంఘం. ఆ కూడికలో మాట్లాడిన కుటుంబాల్లో స్తోమత ఉన్నవాళ్ళు ఎవరైనా హామీ ఉండొచ్చు, నలుగురు కలిసి ముందు కట్టే సొమ్ముకి సాయం చెయ్యొచ్చు. పాస్టరుగారి దగ్గర ఈ మాట పెట్టమ్మా. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా అడుగు. మీలాంటి బ్రదర్ ఒకరు ఆ సంఘంలో ఉంటే ఆ మనిషి నిలబడతాడనే నా నమ్మకం. కానీ ఒకసారి నగలమ్ముకుని కట్టిన ఇల్లు మళ్ళీ నష్టపోతేనే ప్రేమ ఉన్నట్టని చెప్పడం న్యాయం కాదు.

గుంటూరు చెల్లెలు:

అందరికీ వందనాలు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ మూడు అధ్యాయాలు ఇద్దరం చదువుకున్నాం. ఆయనే పైకి చదివారు. యూదా మాట్లాడే చోట ఆగిపోయి, చాలాసేపటికి ఒక మాట అన్నారు: "మీ అన్నయ్య నాకు డబ్బు ఇవ్వక్కర్లేదు. ఒక్కసారి కొట్టుకొచ్చి, తప్పు నాది, బావది కాదు అని ఓనరుగారితో చెబితే చాలు." ఆయన మనసులో ఇన్నాళ్ళూ ఈ మాట ఉందని నాకే తెలియదు.

సంతకం పెట్టలేమని అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను. పగ లేదని కూడా చెప్పాను. ఏమీ అనకుండా పెట్టేశాడు. మేనకోడలి స్కూలు ఫీజు ఈసారి మేమే స్కూల్లో కడతామని వదినకి చెప్పాం, ఆవిడ ఏడ్చింది. టీచరమ్మగారూ, ఇంకొక్కటి. కొట్టుకి రమ్మని మేమే అన్నయ్యని అడగొచ్చా? తనంతట తనే రావాలా?

పటమట సండేస్కూల్ టీచరు:

అడగొచ్చమ్మా. మత్తయి 18:15 చెప్పేది అదే, తప్పు చేసినవాడికి దాని సంగతి మనం చెప్పకపోతే ఒక్కోసారి ఎప్పటికీ తెలియదు. మీరు కాదు, మీ ఆయన్నే అడగమనండి, దెబ్బ తగిలింది ఆయనకి. కూడికలో వద్దు, ఫోన్‌లో వద్దు. విజయవాడ వచ్చి మీ అన్నయ్య ఆటోలో పక్కన కూర్చుని మాట్లాడమనండి. వస్తానంటే ఓనరుగారు కొట్టులో ఉండే రోజు చూసుకుని రమ్మనండి, యార్డుకి సెలవున్న రోజు కాకుండా. రానంటే బలవంతం చెయ్యొద్దు, మేనకోడలి ఫీజు మాత్రం ఆపొద్దు.