తాతయ్య ర్యాలీ సైకిల్: కాటర్ పిన్ కదలడం లేదు, రంగు ఉంచాలా గీకించాలా?

పర్లాకిమిడి అబ్బాయి:
అందరికీ నమస్కారం. పెరట్లో పాకలో ఇరవై ఏళ్లుగా పడున్న మా తాతయ్య సైకిల్ని దసరా సెలవుల్లో బయటకి తీశాను. నల్ల ర్యాలీ, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, వెనక చక్రం నడిమి డబ్బాలో, అంటే హబ్బులో, మూడు గేర్లు. హబ్బు మీద స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ అని కంపెనీ, మోడల్ పేరూ, పక్కన 56 అనీ ఉంది. అంటే 1956లో చేసిందనేనా? తాతయ్య దీని మీదే పాతపట్నం బడికి వెళ్లి పాఠాలు చెప్పొచ్చేవారు. చైన్ కవర్ మీద తన పేరు తెల్ల రంగుతో తెలుగులో, దాని కింద ఒరియాలో రాయించుకున్నారు.

ఎడమ క్రాంక్‌ని, అంటే పెడల్ తగిలించే ఇనప చేతిని, ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ నట్టు వచ్చింది గానీ పిన్ను కదల్లేదు. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే దాని చివర మేకు తలలా చదునైపోయింది. గేరు సంగతి చూస్తే, చక్రం చేత్తో బిగించి పట్టుకుని పెడల్ నొక్కినప్పుడు రెండో గేరులో ఒక్కోసారి పట్టు తప్పి ఖాళీగా తిరిగిపోతోంది. మా బావేమో మొత్తం గీకించి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చే పూత) వేయించేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

బరంపురం ఫిట్టర్:
బాబూ, ముందు సుత్తి పక్కన పెట్టు. క్రాంక్ గాల్లో ఉండగా కొడితే ఆ దెబ్బ పిన్నుకి తగలదు, లోపల బాల్సు మీద, అవి తిరిగే కప్పు మీద పడి గుంటలు పెడుతుంది. నేల నుంచి క్రాంక్ దాకా సరిగ్గా కొలిచి ఇనప పైపు ముక్క నిలువుగా నిలబెట్టు, పిన్ను లావు తల (నట్టు లేని వైపుది) ఆ పైపు బోలులోకి దిగేలా చూసుకుని అప్పుడు కొట్టు, చిన్న దెబ్బలు పది కాదు, గట్టిది ఒకటే. ముందురోజు రాత్రి ఆటోమేటిక్ కార్ల గేరు ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి పోసి వదిలెయ్యి, దగ్గర్లో నిప్పు మాత్రం వద్దు. బెంచ్ వైసు దొరికితే ఇంకా మేలు, క్రాంక్ అవతల పెద్ద సాకెట్ పెట్టి మెల్లగా బిగిస్తే దానంతటదే నెట్టుకొస్తుంది.

కొత్త పిన్ను సాధారణంగా తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, అయినా పాతది పట్టుకెళ్లి సరిపోల్చుకో. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో ఎక్కాలి, లేకపోతే పెడల్స్ ఒక వరసలో ఉండవు. ముప్పై కిలోమీటర్లు తొక్కాక మళ్లీ బిగించు. కుడివైపు కప్పుది ఎడమ మర, అంటే మామూలుకి ఎదురు దిక్కున తిరిగేది, దాన్ని విప్పకు, ఉన్నచోటే తుడిచి గ్రీజు పెట్టు. ర్యాలీ కప్పు మరకి అంగుళానికి 26 చుట్లు, బజార్లో దొరికేవాటికి 24. బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేము పాడైపోతుంది.

రాయగడ నుంచి:
56 అంటే హబ్బు చేసిన ఏడాదే తమ్ముడూ, చక్రం మార్చి ఉంటే సైకిల్ది వేరే అయ్యుండొచ్చు. ఆ హబ్బులో రెండుకీ మూడుకీ మధ్య ఏ గేరూ పట్టని చోటు ఒకటుంది, కేబుల్ సరిగ్గా లేకపోతే పెడల్ అక్కడికే జారుతుంది. నిలబడి తొక్కేటప్పుడు జారితే ముందుకి పడతావు, అందుకని రోడ్డెక్కకముందే సరిచెయ్యి. లీవరు రెండులో పెట్టి కుడి యాక్సిల్ నట్టుకున్న కిటికీలోంచి చూడు, లోపలి సన్నటి రాడ్డు చివర యాక్సిల్ చివరకి సమంగా కనిపించేదాకా కేబుల్ తిప్పుతూ పో. అప్పటికీ జారితే లోపలి పాల్స్ (పట్టునిచ్చే చిన్న కొక్కేలు) పాత నూనెకి అంటుకుపోయి ఉంటాయి. హబ్బు మీది చిన్న మూత ఎత్తి పల్చటి ఆయిల్ కొన్ని చుక్కలు వేసి చక్రం తిప్పుతూ ఉంటే విడిపోతాయి. లోపల గ్రీజు కూరకు.

గోపాల్‌పూర్ గాలి:
రంగు విషయంలో మీ బావదే రైటు. ఉప్పు గాలికి పాత రంగు ఆగదు, మా సైకిల్ని రెండు వానలకే తినేసింది.

గుణుపూర్ మాస్టారు:
గోపాల్‌పూర్ వారిది సముద్రం పక్కన, పర్లాకిమిడికి ఆ బెడద అంత లేదు కదండీ. బాబూ, గీకించకు. మడ్‌గార్డు మీద వెంట్రుకలా సాగే బంగారు గీతలు చేత్తో వేసినవి, ఒక్కసారి పోతే తిరిగి రావు. సబ్బునీళ్లతో కడిగి, కనిపించని చోట పాలిష్ పట్టి చూసుకో, గీతల మీద మాత్రం రుద్దకు. క్రోమ్ పూత భాగాల తుప్పుకి అల్యూమినియం రేకు నీళ్లలో తడిపి రుద్దితే చాలు. రంగు లేని ఇనప సామానైతే చెరకు మడ్డి ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి వారం పది రోజులు నానబెట్టు. ముందున్న ర్యాలీ గుర్తు, కొంగ తల ఉన్న ఇత్తడి బిళ్లకి చింతపండు ఉండనే ఉంది.

పర్లాకిమిడి అబ్బాయి:
బరంపురం గురువుగారూ, పైపు పెట్టి ఒక్క దెబ్బ వేయగానే టక్కుమని జారింది! లోపల గ్రీజు నల్ల బెల్లంలా గట్టిపడిపోయి ఉంది, బాల్సు పక్కకి 11 చొప్పున అన్నీ ఉన్నాయి గానీ ఒక కప్పులో సన్నటి గుంటలు కనిపిస్తున్నాయి, బహుశా నా దెబ్బలవే. కేబుల్ సరిచేశాక గేరు జారడం లేదు. నిన్న చైన్ కవర్ కడుగుతుంటే పేరు కింద ఇంకో వరస బయటపడింది, తాతయ్య బడి పేరు. అమ్మ వేలితో ఆ అక్షరాలు తడుముతూ చాలాసేపు అక్కడే కూర్చుంది. రంగు ముట్టుకోను. ఆదివారం టైర్ల కోసం బరంపురం వస్తున్నాను, ఆ కప్పు తెస్తాను, ఒకసారి చూసి పెడతారా?