ఫుకెట్‌లో కాండో: టోకెన్ ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
నమస్కారం. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో రవాయి వైపు సింగిల్ బెడ్‌రూమ్ కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) చూస్తున్నాం, 40 లక్షల బాట్ చెబుతున్నారు. డబ్బు హైదరాబాద్ ఖాతా నుంచే పంపాలి. మేం లేనప్పుడు రోజు అద్దెకు ఇచ్చుకోవచ్చని బిల్డర్ తరఫు మనిషి అంటున్నాడు. కొంచెం కలిపితే విల్లా కూడా వస్తుందట. ఏది మేలు?

జవాబు 1:
విల్లా వద్దండి. విదేశీయుల పేరున అక్కడ భూమి రిజిస్టర్ కాదు, 30 ఏళ్ల లీజే ఇస్తారు. థాయ్ బినామీలతో కంపెనీ పెట్టి కొనడం నేరం. కాండో మీ పేరునే వస్తుంది, అయితే బిల్డింగ్ మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో విదేశీయులకు 49 శాతమే. మీ ఫ్లాట్ ఆ కోటాలో ఉందని బిల్డింగ్ మేనేజ్‌మెంట్ లెటర్ ఇచ్చాకే టోకెన్.

చాలామంది ఇరుక్కునేది డబ్బు పంపే దగ్గర. డాలర్లలోనే పంపండి, బాట్‌గా మార్చాల్సింది థాయ్ బ్యాంకు. మన బ్యాంకే బాట్ చేసి పంపితే అక్కడ ఎఫ్ఈటీ ఫారం (విదేశీ కరెన్సీ వచ్చిందని థాయ్ బ్యాంకు ఇచ్చే పత్రం) ఇవ్వరు. అది లేకపోతే ల్యాండ్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. పంపేవారి పేరు, కొనేవారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. 50 వేల డాలర్లకు తగ్గకుండా ఒకేసారి పంపితే ఆ ఫారానికి ఇబ్బంది ఉండదు.

ట్రాన్స్‌ఫర్ ఫీజు ప్రభుత్వ విలువ మీద 2 శాతం. ఎవరు కట్టాలో అగ్రిమెంటులోనే రాయించండి.

జవాబు 2:
ఇటువైపు లెక్క కూడా చూసుకోండి. ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునేందుకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పడుతుంది. కోటి పంపితే 18 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు కదలదు. కొన్నాక ఏటా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాలు) నింపడం మరవకండి, జరిమానా 10 లక్షల దాకా ఉంటుంది.

జవాబు 3:
రోజు అద్దె మాట నమ్మకండి. 30 రోజుల లోపు అద్దెకు హోటల్ లైసెన్సు కావాలి, మామూలు కాండోకు అది ఉండదు. నెలవారీగానే లెక్క వేసుకోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఇమ్మిగ్రేషన్‌కు టీఎం30 (ఎవరు దిగారో తెలిపే ఫారం) ఇవ్వాలి.

మే నుంచి అక్టోబర్ దాకా వానలు. తాళం వేసిన ఫ్లాట్‌లో పరుపులకు, అల్మారా వెనక గోడకు బూజు పడుతుంది. డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ తీసే యంత్రం) పెట్టి, వారానికోసారి తెరిచి గాలాడించే మనిషిని పెట్టుకోండి. సముద్రానికి దగ్గరైతే ఏసీ అవుట్‌డోర్ కాయిల్‌ను ఉప్పుగాలి తినేస్తుంది, మంచినీళ్లతో తరచూ కడిగించాలి.

కరెంటు మీటర్ నేరుగా పీఈఏ (అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ)దా, బిల్డింగ్‌దా అడగండి. బిల్డింగ్‌ది అయితే యూనిట్ రేటు వాళ్లిష్టం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. కోటా లెటర్, మీటర్ సంగతి రేపే అడుగుతాను.